బేస్‌మెంట్‌లో పసుపు మంట

ఇప్పుడు ఇక్కడ అమెరికాలో మీ ఇళ్లలో ప్రతి అంతస్తులోనూ గోడకో తెల్ల డబ్బా ఉంటుంది. విషవాయువు పోగైతే అరవడం దాని పని. బ్యాటరీ అయిపోతే కీచుమంటుంది, మీరు విసుక్కుంటూ స్టూలెక్కి దాని నోరు మూస్తారు. నేను మాత్రం ఆ కీచు వినగానే చేతిలో పని వదిలేసి, ఇంట్లో ఎవరెవరు ఎక్కడున్నారో చూసుకుంటాను. మా పిల్లలు నవ్వుతారు. ఎందుకలా చేస్తానో చెప్పబోయి చాలాసార్లు సగంలో ఆపేశాను. మొత్తం చెప్పడం ఇదే మొదటిసారి.

నేను నీటి పరీక్షల ల్యాబులో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. కానీ అమెరికాలో నా మొదటి ఉద్యోగం అది కాదు. ఎనభైల్లో మా ఆయన ఉద్యోగం వల్ల షికాగో శివారు షామ్‌బర్గ్ దగ్గర కాపురం పెట్టాం. గుంటూరులో చదివిన నా కెమిస్ట్రీ డిగ్రీని అక్కడ ఏ ల్యాబూ పట్టించుకోలేదు. చివరికి పట్టించుకున్నది ఇంట్లో బీరు కాచుకునేవాళ్లకు సామాన్లు అమ్మే ఒక చిన్న షాపు.

ఇంట్లో బీరు కాచుకోవడం నేరం కాదని చట్టం మారి అప్పటికి కొన్నేళ్లే అయింది. సరదా ఉన్నవాళ్లు బోలెడుమంది, వాళ్లకు తగ్గ పరికరాలు మాత్రం బజార్లో లేవు. అన్నీ చేత్తో చేసుకోవలసిందే. పిక్నిక్ ఐస్‌బాక్సుకు కన్నం పెట్టి కుళాయి బిగించి అందులో బార్లీ నానబెట్టేవాళ్లు. రాగి గొట్టాన్ని పెయింటు డబ్బా చుట్టూ చుట్టి, మరిగిన రసాన్ని చల్లార్చే చుట్ట తయారుచేసేవాళ్లు. పారేసిన గ్యాసు గీజరు అడుగున ఉండే బర్నరును ఊడదీసి, నాలుగు ఇనుప కాళ్లు తగిలించి, దాన్నే పొయ్యి చేసుకునేవాళ్లు. ఎప్పుడూ ఏదో ఒకటి కారేది, పేలేది, మొరాయించేది. అప్పుడు మా షాపుకు ఫోన్ చేసేవాళ్లు. ఆ ఫోన్ ఎత్తి, కారేదేమిటో, ఎందుకు కారుతోందో కనుక్కుని చెప్పడం నా పని.

షాపు నడిపేది అరవై దాటిన ఒక పెద్దావిడ. భర్త పెట్టిన షాపును ఆయన పోయాక తనే చూసుకునేది. నేను ఆమెను మనసులో ఓనరమ్మ అనుకునేదాన్ని. వెనక బెంచి దగ్గర ఒకాయన ఉండేవాడు. పక్క రాష్ట్రం ఇండియానాలో స్టీలు మిల్లు మూతపడి పని పోయినవాడు. టంకం వేయడం, గొట్టాలు వంచడం, కస్టమర్లు మోసుకొచ్చిన వింత వింత పొయ్యిలు బాగుచేయడం ఆయన వంతు. మాట తక్కువ. ఎముకలు కొరికే చలిలో కూడా బెంచి మీద బర్నరు వెలిగించాలంటే ముందు వెనక షట్టరు సగం పైకెత్తేవాడు. మేం వణుకుతూ తిట్టుకునేవాళ్లం.

ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి, వెలుగుతున్న బర్నరు చూపించాడు. మంట పసుపుగా ఊగుతోంది.

"దీనికి గాలి చాలడం లేదు. గ్యాసు సగమే కాలి బయటికొస్తోంది. కంటికి కనపడదు, వాసన రాదు. ముందు తలనొప్పి, తర్వాత మత్తు, తర్వాత నిద్ర. ఫోన్లో ఎవరైనా పసుపు మంట అంటే, ముందు వాడెక్కడ నిలబడ్డాడో అడుగు."

మిల్లులో ఇలాంటి గ్యాసు వల్లే ఒకతను గుంతలో పడిపోతే, అతని స్నేహితుడు పైకి లాగబోయి తనూ పడిపోయాడట. ఇద్దరూ పోయారు. "మొదటివాణ్ణి గ్యాసు చంపింది, రెండోవాణ్ణి తొందర చంపింది" అని బర్నరు ఆపేశాడు.

నాకు అక్కడ భయం లేని రోజు లేదు. సిలిండరు బుస్సుమంటే ఉలిక్కిపడేదాన్ని. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉండేది. మేం క్రైస్తవులం. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి హాలు అడిగి తీసుకుని తెలుగువాళ్లం కొద్దిమందిమి ఆరాధన చేసుకునేవాళ్లం. నేను బీరు సామాన్ల షాపులో పనిచేస్తున్నానని అక్కడ ఎవరికీ తెలియదు. "యీస్టు, బార్లీ, మాల్టు అమ్ముతారు" అని చెప్పాను. అబద్ధం ఒక్క ముక్కా లేదు. అందరూ బేకరీ సామాన్ల షాపనుకున్నారు. నేను దిద్దలేదు. షాపులో అమెరికన్లు పలకడానికి వీలుగా నాకొక పొట్టి పేరు పెట్టుకున్నాను, ఫోన్లో యాస కూడా మార్చేదాన్ని. ఎవరైనా తెలుగువాళ్లు తలుపు తోసుకుని లోపలికొస్తారేమోనని కౌంటరు దగ్గర నిలబడినంతసేపూ అద్దంలోంచి పార్కింగ్ వైపు చూస్తూనే ఉండేదాన్ని.

తెలుగువాళ్లు తలుపులోంచి రాలేదు. ఫోన్లోంచి వచ్చారు.

ఆ ఆకురాలు కాలంలో ఒకాయన ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. ఐస్‌బాక్సు కుళాయి కారుతోందన్నాడు. రబ్బరు వాషరు లోపలివైపు వేయమన్నాను. మళ్లీ చేసి, రాగి చుట్ట తిప్పుతుంటే గొట్టం నలిగిపోతోందన్నాడు. లోపల ఉప్పు నింపి తిప్పి, తర్వాత కడిగేయమన్నాను. చేత్తో పని చేయడం తెలిసినవాడి సంబరం ఆయన ఇంగ్లీషు మాటల్లో ఉండేది. తాగడం కంటే తయారుచేయడమే ఆయనకు ముద్దని నాకు అర్థమైంది. కానీ ప్రతి మాటకు ముందు గొంతు రెండుసార్లు సవరించుకునేవాడు. ఆ సవరింపు నాకు బాగా తెలుసు. ఆదివారం ప్రార్థన మొదలుపెట్టే ముందు మా సంఘ పెద్ద అచ్చం అలాగే సవరించుకుంటాడు.

ఆయనే. మా అందరికీ అన్నయ్యగారు. కౌంటీ రోడ్ల ఆఫీసులో ఉద్యోగం. భార్య ఆసుపత్రిలో నర్సు, మేం వదినగారు అనేవాళ్లం. ఆ ఏడు ఆయన తల్లి కూడా ఇండియా నుంచి వచ్చి వాళ్ల దగ్గరే ఉంది. ఆయనకు నా గొంతు తెలిసిపోతుందేమోనని యాస ఇంకా మెలితిప్పాను. ఆయన థాంక్యూ చెప్పి పెట్టేశాడు. ఆ ఆదివారం ఇద్దరం వందనాలు చెప్పుకున్నాం. ఆయన నా బేకరీ షాపు ఎలా నడుస్తోందని అడిగాడు.

అది జనవరి. చలి భరించలేనిదని రేడియోలో పదేపదే హెచ్చరిస్తున్న ఒక శనివారం. మధ్యాహ్నం ఫోన్ మోగింది. గొంతు సవరింపు.

ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నాం. రసం కాచే కెటిల్ అడుగంతా మసి పడుతోందన్నాడు. ఎంతసేపటికీ రసం మరగడం లేదన్నాడు.

"మంట ఏ రంగులో ఉంది?"

"పసుపు. కొసల్లో ఎరుపు."

"బర్నరు ఎక్కడిది?"

"పక్కవీధిలో పారేసిన గీజరుది. దానికి ప్రొపేన్ సిలిండరు తగిలించాను. బాగానే అంటుకుంది."

నాకు సంగతి తెలిసిపోయింది. ఇంటి పైపులో వచ్చే గ్యాసుకు బర్నరు కన్నం పెద్దదిగా ఉంటుంది. సిలిండరులోని ప్రొపేన్‌కు అది చిన్నదిగా ఉండాలి. ఆ పెద్ద కన్నంలోంచి ప్రొపేన్ పోటెత్తితే దానికి గాలి ఎక్కడా చాలదు.

"బయటే కదా వెలిగించారు?"

మళ్లీ గొంతు సవరింపు. "బయట అన్నీ గడ్డకట్టిపోతున్నాయి. బేస్‌మెంట్‌లో పెట్టాను. కిటికీ కొంచెం తీశాను." గొంతు తగ్గించి, "తర్వాత మూసేశాను. పక్కింటికి వాసన వెళ్తోంది" అన్నాడు.

"తలనొప్పి ఉందా?"

"కాచినప్పుడల్లా వస్తుంది. బీరులో వేసే ఆ చేదు పూల వాసన నాకు పడదేమో. సరే గానీ, మంట ఏ రంగులో ఉండాలి?"

"నీలం. మీరు వెంటనే పొయ్యి ఆపేసి పైకి వెళ్లండి."

"రైట్, రైట్. మంట ఏ రంగులో ఉండాలన్నారు?"

అప్పుడు వేసింది నాకు అసలు భయం. ఆయన మాటలు నీళ్లలోంచి వస్తున్నట్టు సాగుతున్నాయి. ఆపేయండి అన్నాను. ఇంకాసేపట్లో మరుగుతుందన్నాడు. బయటికి నడవండి అన్నాను. ఓకే అన్నాడు, కదిలిన చప్పుడు మాత్రం లేదు. ఆయన దృష్టిలో ఎవరో షాపువాళ్లు ఇంగ్లీషులో ఏదో చెబుతున్నారు, ఆయన మర్యాదగా వింటున్నాడు, అంతే. ఆ మాటలు ఆయన లోపలికి వెళ్లడం లేదు.

నేను తెలుగులోకి మారాను.

"అన్నయ్యగారూ, నేనండీ. ఆదివారం మీ వెనక వరసలో కూర్చుంటాను. పొయ్యి ఆపేసి పైకి రండి. ఇప్పుడే రండి."

ఊపిరి చప్పుడు. "ఎవరూ?"

నా పేరు చెప్పాను.

"నువ్వా? నువ్వక్కడేం చేస్తున్నావమ్మా?"

"అది తర్వాత చెప్తా. ముందు మెట్లెక్కండి."

"ఎవరికీ చెప్పకమ్మా" అన్నాడు. లైన్ కట్టయింది.

నా మాటే ఆయన చేత ఫోన్ పెట్టించింది. గట్టిగా అరిచాను. ఓనరమ్మ సిగరెట్టు పారేసి పరుగెత్తుకొచ్చింది. ఇంటి అడ్రసు చెప్పాను, ఆమె రెండో లైన్లో ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేసింది. నేను అన్నయ్యగారి ఇంటి నంబరు తిప్పాను. సంఘంలో అందరి నంబర్లూ నోటికొచ్చేవి ఆ రోజుల్లో. మోగుతోంది, ఎవరూ తీయడం లేదు. బెంచి దగ్గరాయన చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

చివరికి పై అంతస్తు ఫోన్ ఎవరో ఎత్తారు.

"ఎవరమ్మా?" ఆయన తల్లి.

"పెద్దమ్మా, నేను చర్చిలో అమ్మాయిని. అన్నయ్యగారేరీ?"

"కింద ఏదో కషాయం కాస్తున్నాడమ్మా, దగ్గుకంట. నాకు పొద్దుట్నుంచీ ఒకటే తల తిరుగుడు. ఈ చలికేమో, పడుకున్నా."

గ్యాసు పైదాకా వచ్చేసిందన్నమాట. "పెద్దమ్మా, ముందు లేచి వీధి తలుపు బార్లా తీయండి."

"ఇంత చలిలోనా? వేడంతా పోతే వాడు తిడతాడే!"

"తిట్టనీయండి. తీయండి పెద్దమ్మా, మీకు దణ్ణం పెడతా."

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు. అడుగులు. గొళ్లెం. చాలాసేపటికి మళ్లీ ఆమె గొంతు. "తీశా. మంచు లోపలికి పడుతోంది."

"ఇప్పుడు మీరు బయటికెళ్లి పక్కింటి తలుపు కొట్టండి. ఫైరింజనోళ్లు వస్తున్నారు."

"ఫైరింజనా? ఏమైందే? ఉండు, వాణ్ణి పిలుచుకొస్తా."

"వద్దు! కిందికి దిగొద్దు. కింద విషపు గాలి ఉంది."

పక్కనున్నాయనకు తెలుగు ముక్క రాదు. కానీ నా మొహం చూసి అర్థం చేసుకున్నాడు. దిగనీయొద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు.

పెద్దమ్మ నెమ్మదిగా అడిగింది. "నా కొడుకు విషపు గాలిలో ఉన్నాడని చెప్తూ, నన్ను పోయి వీధిలో నిలబడమంటావా తల్లీ?"

"వాళ్లొస్తున్నారు పెద్దమ్మా, వచ్చేస్తున్నారు" అంటున్నాను. రిసీవరు బల్లకు తగిలిన చప్పుడు. "నాయనా! ఒరే నాయనా!" అని దూరమవుతున్న కేక. ఒక తలుపు తెరుచుకుంది. మళ్లీ ఒకసారి కేక. తర్వాత ఏమీ లేదు.

లైన్ తెగలేదు. తెరిచిన తలుపులోంచి ఇంట్లోకి తోసుకొచ్చే గాలి హోరు వినిపిస్తోంది. నేను పెద్దమ్మా, పెద్దమ్మా అని అరుస్తున్నాను. షాపులో ఉన్న కస్టమర్లందరూ నిశ్చలంగా నిలబడి నన్ను చూస్తున్నారు. ఆ క్షణంలో నాకు చర్చి గుర్తులేదు, నా ఉద్యోగం గుర్తులేదు. ఆ ఇంట్లో ఒక దగ్గు, ఒక మూలుగు వినిపిస్తే చాలనుకున్నాను. ప్రార్థన చేద్దామంటే ఒక్క వాక్యం కూడా నోటికి రాలేదు.

చివరికి బూట్ల చప్పుడు వినిపించింది. మగ గొంతులు. "ఇద్దరున్నారు! మెట్ల దగ్గర!" అని ఎవరో అరిచారు. బతికి ఉన్నారని గానీ లేరని గానీ ఎవరూ అనలేదు.

బెంచి దగ్గరాయన తన ట్రక్కులో నన్ను తీసుకెళ్లాడు. మేం వెళ్లేసరికి అంబులెన్సు వెళ్లిపోయింది. ఫైర్‌వాళ్లు నల్లబడిన కెటిల్‌ను, ఆ నాలుగు కాళ్ల పొయ్యిని ముందు వాకిట్లో మంచులో పెట్టారు. పక్కింటివాళ్లు కిటికీల్లోంచి చూస్తున్నారు. నేను ఎవరినని ఒక ఆఫీసరు అడిగాడు. "బీరు సామాన్ల షాపులో పనిచేస్తాను" అన్నాను. ఆ మాట గట్టిగా అనడం నాకు అదే మొదలు.

అంబులెన్సు వెళ్లింది వదినగారు పనిచేసే ఆసుపత్రికే. మేం లోపలికెళ్లేసరికి ఆమె యూనిఫారంలో కారిడార్‌లో గోడకు ఆనుకుని ఉంది. ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు, ఇద్దరూ కళ్లు తెరిచారు అంది. ఆయన స్పృహ తప్పుతూ మెట్లెక్కి, పైమెట్ల దగ్గరికి వచ్చేసరికి పడిపోయాడట. తల్లి బేస్‌మెంట్ తలుపు తీసి, ఆయన చొక్కా పట్టుకుని లాగుతూ, లాగలేక పైమెట్టు మీదే కూలబడిందట. వీధి తలుపు తెరిచి ఉండబట్టి ఇద్దరికీ కాస్త మంచి గాలి అందింది.

"అసలు ఏం కాస్తున్నాడు? డాక్టర్ అడిగితే నాకేం తెలీదన్నా. నీకు తెలుసా?"

చెప్పాను. మొత్తం చెప్పాను, నా షాపుతో సహా.

"రెండు నెలల్నుంచీ చూస్తున్నా ఆ తలనొప్పి. నేను శనివారం డ్యూటీ చేసి ఇంటికెళ్తే చాలు, తల పట్టుకుని కూర్చునుంటాడు. తూలతాడు. మాట తడబడుతుంది. నేను ఏమనుకున్నానో తెలుసా? బ్రెయిన్ ట్యూమరనుకున్నా. ఆయనతో అనలేదు. అత్తయ్యతో అనలేదు. స్కాన్‌కి బుక్ చేశా. రోజూ బాత్రూంలో కుళాయి విప్పుకుని ఏడ్చానే!"

"వదినగారూ..."

"బీరా? ఇదంతా బీరా?" ఆమె గోడ మీదుగా జారి నేల మీద కూర్చుంది. నవ్వు మొదలైంది, ఆగలేదు. నవ్వుతూనే ఏడ్చింది. బెంచి దగ్గరాయన ఏం చేయాలో తెలియక వెళ్లి కాఫీ తెచ్చాడు.

అన్నయ్యగారు తొందరగానే కోలుకున్నారు. పెద్దమ్మకు ఎక్కువకాలం పట్టింది. చూడ్డానికి వెళ్తే నా చెయ్యి పట్టుకుని, "నువ్వు దిగొద్దన్నావు. నేను వినలా. కోపం వచ్చిందా?" అని అడిగింది. లేదన్నాను. కానీ ఈ మాట మీకోసం రాస్తున్నాను కాబట్టి సూటిగా చెప్పాలి. ఆమె చేసింది తప్పే. ఆ ఫైరింజను ఇంకొంచెం ఆలస్యమైతే ఒకరి బదులు ఇద్దరు పోయేవాళ్లు. అలాంటి చోటికి మీరు దిగకండి. ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్న నేను, కింద ఉన్నది నా కొడుకైతే ఆగేదాన్నా అంటే, చెప్పలేను.

సంఘంలో ఆదివారానికల్లా అందరికీ తెలిసిపోయింది. ఇద్దరు ముగ్గురు నాతో మాట్లాడటం మానేశారు. అన్నయ్యగారు కొన్నాళ్లు ప్రార్థన చేయించకుండా వెనక వరసలో కూర్చున్నారు. మిగతావాళ్లు మాత్రం ఆరాధన అయ్యాక ఒక్కొక్కరే నన్ను పక్కకు పిలిచి, మా ఇంటి గీజరు మంట కూడా కొంచెం పసుపుగా ఉంటుంది, ఒకసారి వచ్చి చూస్తావా అని అడిగారు. వెళ్లాను. బెంచి దగ్గరాయన కూడా వచ్చాడు. ఆంటీలు ఆయనకు పులిహోర పెట్టారు.

కానీ ఆ శనివారం తర్వాత నేను షాపుకు వెళ్లిన మొదటి రోజు సంగతి చెప్పకపోతే ఇది పూర్తికాదు. ఓనరమ్మ నన్ను పనిలోంచి మాన్పించేస్తుందేమోనని భయపడుతూ వెళ్లాను. ఆమె కౌంటరు మీద ఫోన్ను నా వైపు తిప్పింది. "మసి గురించి, పసుపు మంట గురించి నిన్ను ఇంకెవరెవరు అడిగారో గుర్తు తెచ్చుకో. ఆర్డర్ల పుస్తకంలో నంబర్లు చూసి అందరికీ ఫోన్ చెయ్యి. ఇవాళ నీకు వేరే పని లేదు" అంది.

చేశాను. ప్రతి నంబరూ మోగుతుంటే, ఎవరూ ఎత్తకపోతే ఏం చేయాలా అని రింగులు లెక్కపెట్టేదాన్ని. చాలామంది బయటే వాడుతున్నామన్నారు. ఒకతను నవ్వాడు, ఒకతను విసుక్కున్నాడు. సాయంత్రం కావస్తుండగా ఒక యువకుడు ఎత్తాడు. నేను అడగవలసినవి అడిగాను. పొయ్యి బేస్‌మెంట్‌లోనే ఉందన్నాడు. ఇప్పుడు వెలుగుతోందా అన్నాను.

"వెలుగుతోంది. నా భార్య కింద దాని దగ్గరుంది. నేను పోస్టు తెచ్చుకోవడానికి పైకొచ్చాను. ఏం?"

"ఆమెకు తలనొప్పి ఉందా?"

అతను రిసీవరు చేత్తో పట్టుకునే కిందికి కేకేశాడు. ఒకసారి, ఇంకోసారి. మూడోసారి అతని గొంతు మారింది. దిగొద్దు, అక్కడి నుంచే పిలువు, తలుపులు తీయి అని నేను అరుస్తున్నాను. ఓనరమ్మ అప్పటికే రెండో లైన్ అందుకుంది.

కింద నుంచి ఒక ఆడగొంతు, నిద్రలోంచి లేచినట్టు, ఏమిటని అడిగింది. పొయ్యి వదిలేసి పైకి రమ్మని అతను అరిచాడు. చెక్కమెట్ల మీద ఆమె అడుగు పడింది. ఇంకొకటి పడింది. ఆమె గొంతు అతని పక్కన వినిపించేదాకా నేను ఫోన్ పెట్టలేదు.